డెల్ఫినా ఎర్రబాణాలు

డెల్ఫినా చేతికి ఏది ఇచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. పొద్దుటి రొట్టె అయినా అంతే, పెళ్ళి శుభలేఖ అయినా అంతే. మనీలా దగ్గరి రోసారియోలో మూడు బట్టల ఫ్యాక్టరీల్లో కలిపి తొమ్మిదేళ్ళు తనిఖీ బల్ల దగ్గర నిలబడి తప్పులు వెతికిన కళ్ళు అవి. ఐదు నెలలకోసారి ఒప్పందం అయిపోవడం, ఊరికి పోయి రావడం, మళ్ళీ ఇంకో గేటు ముందు వరసలో నిలబడటం, అదే ఆమె జీవితం.

మా బోర్డింగ్ ఇంట్లో గదికి ఆరుగురం. కింది మంచం ఆమెది, పైది అదే ఫ్యాక్టరీలో మిషను కుట్టే నాది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద కాబట్టి ‘ఆతే డెల్ఫీ’, అంటే డెల్ఫీ అక్కా, అనేదాన్ని; ఆమెకు నేను లోరీని. ఆమెను ప్రేమించినవాడు ఎవడైనా ఉన్నాడా అని గదిలో అందరికీ ఒకటే కుతూహలం. ఒకసారి ధైర్యం చేసి అడిగేశాను. ఎండుచేప ముల్లు తీసుకుంటూ తల కూడా ఎత్తకుండా, “ఉన్నాడే. కాలర్ వంకరగా ఉందని వెనక్కి పంపేశా” అంది. నిజమో వేళాకోళమో ఇప్పటికీ తెలియదు.

ఆ ఇంట్లో నోటుపుస్తకాల నవలలు తిరుగుతుండేవి. ఎవరో ఒకరు రాస్తారు, పుస్తకం గది గదికీ చేతులు మారుతుంది, చదివినవాళ్ళు చివరి పేజీల్లో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాలి. ఏడిపించావే అనో, రెండో భాగం ఎప్పుడే అనో రాస్తారు. అంతకు మించి ఎవరూ రాయరు.

నా నవలకు నాలుగు నెలలు పట్టింది. సముద్రం సగం మింగేసిన దేశం. అక్కడ పదిహేడేళ్ళు నిండిన ప్రతి అమ్మాయి మణికట్టు మీద కాబోయే మొగుడి అంకె ముద్ర వేస్తారు. నా ఆరీలియాకు ఒక అంకె పడుతుంది, మనసేమో కాపలా కుర్రాడు జాండర్ మీద. ప్రతి సాయంత్రం ఇద్దరూ గోపురం మీద కలుసుకుంటారు. పదకొండుమంది చదివారు, పదకొండుమందీ ఏడ్చారు. అప్పుడే మనీలాలో ఒక ప్రచురణ సంస్థ కొత్తవాళ్ళకు పోటీ పెట్టింది. నవలలో అన్నిటికంటే బాగా వచ్చిన ఒక్క అధ్యాయం శనివారం లోపు చేరాలి. గెలిస్తే ఇక కుట్టుమిషను ముఖం చూడనక్కర్లేదని నేను గట్టిగా నమ్మాను. పంపేముందు ఒకసారి చూడమని ఆతే డెల్ఫీకి ఇచ్చాను. చూడమన్నది పైకి మాత్రమే, నాకు కావలసింది పొగడ్త.

నాలుగు రోజుల తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. కుట్టు తప్పినచోట తనిఖీవాళ్ళు అతికించే చిన్న ఎర్రకాగితం బాణాలు ఉంటాయే, అవి పేజీ పేజీకీ ఉన్నాయి. లెక్కపెడితే యాభైరెండు. చివర పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది:

“బాగున్నది: మొదటి పేజీ మొదలుపెట్టాక అన్నం చల్లారిపోయింది. ఆ పిల్ల కోపం పదిహేడేళ్ళ కోపంలాగే ఉంది. బాగాలేనిది: ఈ దేశంలో వరి ఎవరు కోస్తారు? బట్టలు ఎవరు ఉతుకుతారు? అంత దుర్మార్గపు ప్రభుత్వం ఒక పిల్లను రోజూ మేడెక్కనిస్తుందా? మన ఫ్యాక్టరీ గార్డు మరుగుదొడ్డికి కూడా చీటీ అడుగుతాడు. పాలించేవాడికి ఈ అంకెల వల్ల ఏం లాభమో అతనికైనా తెలుసా? ఇద్దరు కుర్రాళ్ళలో ఎవరు కావాలని ఆమెను అందరూ అడుగుతారు. అసలు ఎవరైనా కావాలా అని ఒక్కరూ అడగరు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “నా నవల నీకు ఫ్యాక్టరీ చొక్కాలా కనబడిందా?” అన్నాను.

“చొక్కాకైతే ఒక నిమిషమే ఇస్తా” అంది డెల్ఫినా.

ఆ రోజు నుంచి మాటలు మానేశాను. ఒకే మంచానికి కిందా పైనా పడుకుంటూ మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఒక్క ఓదార్పు మిగిలింది. గోపురం మీద వానలో ముద్దుపెట్టుకునే అధ్యాయం పద్నాలుగు పేజీలు. వాటిలో ఒక్క బాణం లేదు. అంతటి డెల్ఫినాకే తప్పు దొరకలేదంటే పంపాల్సింది అదే. శుభ్రంగా ఎత్తిరాసి కవరులో పెట్టాను.

గురువారం ఈ గొడవంతా మరమ్మతు బల్ల దగ్గర నానయ్ చారింగ్‌కు వెళ్ళబోసుకున్నాను. బాణాలున్న బట్టలన్నీ విప్పి మళ్ళీ కుట్టే పెద్దావిడ ఆమె, అందరికీ నానయ్, అంటే అమ్మ. చేతిలో సూది పక్కన పెట్టి మరీ నవ్వింది.

“పిచ్చిదానా, బాణం పెట్టిందంటే బాగుచేయొచ్చని. బాగుపడదనుకున్నదానికి బాణం ఎవరు దండగ చేస్తారు? తిన్నగా తుక్కులో పడేస్తారు.”

కుట్టేవాళ్ళం మాకు ఆ సంగతి తెలియదు. బాణంతో వెనక్కి వస్తే తిట్లు, రాకపోతే గట్టెక్కినట్టు, మాకు తెలిసింది అంతే. బాణం లేకుండా తుక్కులోకి పోయేవి కూడా ఉంటాయన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. మా బట్టల్లో మంచివి ఓడెక్కి పరదేశం పోతాయి. మరి నా పద్నాలుగు పేజీలు ఓడెక్కేవా, తుక్కులోవా? కవరు సంచిలోనే ఉండిపోయింది.

శుక్రవారంతో డెల్ఫినా ఒప్పందం అయిపోయింది. మర్నాడు పొద్దునే, ఊరికి పోవడానికి ఆమె బట్టలు సర్దుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. పంతం పక్కన పెట్టి, గోపురం అధ్యాయంలో ఒక్క బాణమైనా ఎందుకు లేదని అడిగాను.

చొక్కా చేతులు లోపలికి మడిచి, పైన అరచేత్తో సాపుచేసి, అప్పుడు చెప్పింది.

“తుక్కే, లోరీ. మిగతాదంతా నువ్వు రాశావు. అది మాత్రం ఎక్కడో చదివింది రాశావు. వాడు చూస్తాడు, ఆమె వణుకుతుంది, వాన పడుతుంది. కుట్టు బాగానే ఉంది, గుడ్డే మనది కాదు.”

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె ఓదార్చలేదు, సర్దడం మాత్రం ఆపింది. ముఖం తుడుచుకుని, మరి వాళ్ళిద్దరూ ఎక్కడ కలవాలి ఆతే అని అడిగాను.

“చీటీ అడక్కుండా ఎక్కడ నిలబడనిస్తారో అక్కడ” అంది. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని, మెట్ల దాకా కూడా రానివ్వకుండా వెళ్ళిపోయింది.

కవరు నేను పంపలేదు. శనివారం గడిచిపోయింది. కింది మంచంలోకి ఎవరో కొత్తమ్మాయి వచ్చింది. గోపురం అధ్యాయం చింపేసి ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అన్నం వరస. ఆ దేశంలో వడ్డన ఏడు నిమిషాలే, గంట కొడితే పళ్ళెం ఖాళీగా ఉన్నా వరస వదిలి పోవాల్సిందే. ఆరీలియా ఆలస్యంగా వచ్చి చివర నిలబడింది. ముందున్న జాండర్ ఆమె వైపు చూడలేదు, నవ్వలేదు, తన చోటు ఆమెకు వదిలి వెనక్కి జరిగాడు. ఆమె పళ్ళెంలో అన్నం పడగానే గంట కొట్టారు. జాండర్ ఖాళీ పళ్ళెంతో వరస వదిలాడు.

అక్కడ పెన్ను ఆపేశాను. నాలుగు నెలలుగా రాస్తున్న ఆ కుర్రాడు మొదటిసారి నాకు నచ్చాడు.