కత్తి పడితే బతకదన్నారు

1964 జూలై, బుధవారం. పాలమూరు జిల్లాలో మా తాలూకా దవాఖాన. ఉన్నవారు: పెద్ద నర్సు రత్నమ్మగారు, కాంపౌండర్ వెంకటయ్య, ఆయా సాయమ్మ, గొర్రెల కాపరి మల్లయ్య, అతని భార్య ఎల్లమ్మ, కొత్తగా చేరిన నర్సునైన నేను. ఇన్నేళ్ళ తర్వాత ఈ ఉదయం తడిసిన గొంగడి వాసన తగలగానే మల్లయ్య గుర్తొచ్చి, అప్పటి నా డైరీ తీశాను.

ఎల్లమ్మ రొమ్ములో నొప్పిలేని గడ్డ. ఆమె చిన్నకొడుకు గొర్రెలు కాసే వయసువాడు, పాలు మాని ఏళ్ళయింది. అయినా మా దవాఖానవాళ్ళు దాన్ని పాలగడ్డే అన్నారు. రాచపుండు, అంటే క్యాన్సర్, పేరెత్తకూడదు, కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుంది, ఆ జబ్బు మనిషి చెయ్యి పడితే బాలింతల పాలు ఎండిపోతాయి. ఇవి ఊళ్ళోవాళ్ళ నమ్మకాలే కావు, మందులిచ్చే మావి కూడా.

"చెప్పి ఏం జేస్తం సిస్టరమ్మా? ఉన్నన్ని దినాలు నిమ్మలంగ ఉండనియ్యి" అన్నాడు వెంకటయ్య.

"ఎవలకు నిమ్మలం? ఆమెకా, నీకా?" అని రత్నమ్మగారు మల్లయ్య వైపు తిరిగారు. "గిది రాచపుండు కావచ్చు. పట్నం దవాఖానల కోసి తీస్తరు. జల్ది తోల్కపో."

"కత్తి వడ్డోళ్ళు బతుకుతరా అమ్మా? ఒక్కల్ని సూపెట్టు, పొద్దుగాలనే పోత."

"యాడికెల్లి సూపెడ్తది?" వెంకటయ్య నవ్వాడు.

రత్నమ్మగారు గోడవైపు తిరిగి, రవికలోంచి ఒక గుడ్డముద్ద తీసి బల్లమీద పెట్టారు. తెల్లకోటు ఒకవైపు చదునుగా ఉంది. "ఏడేండ్లాయె. నన్నే సూడు." తర్వాత ఎల్లమ్మను తెర వెనక్కి తీసుకెళ్ళి మచ్చ చూపించారు.

"నొప్పయిందా అక్కా?" ఎల్లమ్మ గొంతు.

"అయింది. అబద్ధమెందుకు? గని ఉన్న గదా."

బయట సాయమ్మ నెత్తి కొట్టుకుంది. "గీ చేతుల్తోనా బాలింతలను ముట్టినవ్!"

"నీ బిడ్డ కాన్పు గూడ గీ చేతులే జేసినయి. నీ మనుమడు గంత బొద్దుగ ఎట్లయిండే మరి?"

తనకూ ఆ జబ్బు వచ్చిందని బయటపడితే కాన్పుల పనే పోవచ్చని రత్నమ్మగారికి తెలుసు. తెలిసే చూపించారు. ఆ రోజు నుంచి ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఏ స్త్రీకీ పాలగడ్డ అని అబద్ధం చెప్పలేదు. ఆలస్యంగా వచ్చి చనిపోయినవాళ్ళున్నారు. నిజం తెలియకుండా చనిపోయినవాళ్ళు మాత్రం నా చేతిలో లేరు. కత్తి పడితే బతకరని ఎవరన్నా, ఈ వయసులోనూ తగవుకు దిగుతాను.

మర్నాడు పొద్దున మల్లయ్య, ఎల్లమ్మ సద్దిమూటతో పట్నం బస్సెక్కారు. వాళ్ళను సాగనంపి రత్నమ్మగారు గుడ్డముద్ద లేకుండానే దవాఖానకు వచ్చారు. కాన్పుల గది గడపలో సాయమ్మ అడ్డంగా నిలబడి ఉంది. లోపల ఒక పిల్ల నొప్పులతో అరుస్తోంది.

"జరుగు" అన్నారు రత్నమ్మగారు.

సాయమ్మ జరిగింది.