చప్పుడు లేని చదువు

నిన్న ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా పక్కవాటా వరండాలో ఒక ఫోను ఇంగ్లీషు కథ చదవడం మొదలుపెట్టింది. నాలుగేళ్ల మనవరాలికి అన్నం తినిపించడానికి పక్కింటావిడ పెట్టిన కథ అది. ఫోను చదువుతోంది, పిల్ల దానివైపు చూస్తూ నోరు తెరుస్తోంది, ముద్ద లోపలికి పోతోంది. మా ఆయన పోయాక నేను గోదావరిఖని విడిచి పెద్దపల్లికి వచ్చి మూడేళ్లయింది. కథ అయిపోయి వాళ్లు లోపలికి వెళ్లాక, అక్కడ నేను చదువు చెప్పిన బడి గుర్తొచ్చింది.

రాష్ట్రం రావడానికి అయిదారేళ్ల ముందు మాట ఇది. బొగ్గు గని కార్మికుల కాలనీలో ఉండేవాళ్లం. కాలనీ చివర అద్దెకు తీసుకున్న రేకుల ఇంట్లో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడి నడిచేది, అందులో నేను యూకేజీ పిల్లలకు చెప్పేదాన్ని. మా అన్న హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద ఏరి తెచ్చిన బొమ్మల పుస్తకాలు తొమ్మిదో పదో నా దగ్గర ఉండేవి, పుటకు ఒక బొమ్మ, కింద ఒక్క వాక్యం. అట్టలు ఊడిపోతే మా ఆయన బాయి నుంచి వచ్చాక మైదా పిండి ఉడికించి అతికించేవాడు. బొగ్గు గనిని అక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. ఆ బొమ్మల్లో ఉన్నవి మా పిల్లలు చూసినవి కావు. మంచు కురిసిన పొలాన్ని చూసి వాళ్లు పత్తి అంటే నేను కాదనలేదు. ముందు బొమ్మకు తమ మాట చెప్పనిచ్చి, ఆ తర్వాతే కింది అక్షరాల మీద వేలు పెట్టించేదాన్ని. ఒక పుస్తకంలో ఎలుగుబంటి పట్టపగలు గుహలో నిద్రపోతూ ఉంటుంది. ఆ పుట తిప్పగానే తరగతిలో పిల్లలందరూ ఎవరూ చెప్పకుండానే పెదవుల మీద వేళ్లు పెట్టుకునేవాళ్లు. ఒకడు గుసగుసగా, "నైట్ షిఫ్టు చేసొచ్చింది టీచర్, లేపద్దు" అన్నాడు. నేను నవ్వుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు.

ఆ తరగతిలోనే ఒక పిల్ల ఉండేది. ఆటల్లో మాట్లాడేది, అడిగితే జవాబు చెప్పేది, పుస్తకం చేతికిస్తే మాత్రం మూగదయ్యేది. ఏడాది చివర ఒక్కొక్కరూ లేచి, బడి నడిపే పెద్ద మేడమ్ ముందు ఒక పుట పైకి చదవాలి. ఆ పిల్ల లేచింది, పుస్తకం పట్టుకుంది, పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మూడుసార్లు అదే. మళ్లీ యూకేజీలోనే కూర్చోబెడదామని పెద్ద మేడమ్ అంటే నేనూ సరేనన్నాను. చదవడం రాలేదనే నేనూ నమ్మాను.

మర్నాడు వాళ్లమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "మళ్ల గదే క్లాసంటే ఇంగ్లీషు దీనికి రానట్టే అంటుండు టీచరమ్మా వాళ్ల నాయిన. ఊళ్లె మా అవ్వ దగ్గర ఉంచి ఆడ్నే సదివిపిస్తడట. దీన్ని ఇడిసి నేనెట్లుండాలె?" అంది. 

ఆ సాయంత్రం మొదటి షిఫ్టు దిగివచ్చి అన్నం తింటున్న మా ఆయనతో ఈ సంగతి చెప్పాను. ఆయన పిల్ల చదువు గురించి ఒక్క మాటా అడగలేదు. "ఆ ఇంట్ల డ్యూటీ చేసేటోళ్లు ఎంతమంది?" అన్నాడు. తండ్రి, బాబాయి, ఇద్దరని చెప్పాను.

"రెండు అర్రల క్వార్టరు. ఒకడు లేస్తే ఇంకొకడు పండుకుంటడు. ఇగ ఆ పోరి నోరెప్పుడు తెరవాలె? ఇరువై ఏండ్ల సంది నా నిద్ర కోసం గిన్నెలు సప్పుడు గాకుంట తోముతున్నవు, గీ ముచ్చట నీకెరుక లేదా టీచరమ్మా?" అని ఎగతాళి చేశాడు.

మాకు పిల్లలు లేరు. ఇంట్లో చప్పుడు చేస్తే నేనే చెయ్యాలి. అందుకేనేమో నాకు తట్టలేదు.

మర్నాడు బడికి సెలవు. పదకొండింటికి వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గది నాకు సగం కలలా కనిపిస్తుంది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది, దాని గుండా వచ్చిన వెలుగు గోడల మీద గోధుమరంగులో పరుచుకుని ఉంది, లోపలి గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఎవరిదో నిద్ర వినిపిస్తోంది. తల్లి నీళ్ల గ్లాసు తెచ్చి నేలకు తాకిన చప్పుడు కూడా రాకుండా పెట్టింది. మూలన ఆ పిల్ల మా బడి పుస్తకం ఒళ్లో పెట్టుకుని తమ్ముడికి చదివి వినిపిస్తోంది, వినిపిస్తోంది అనడం తప్పేమో. వేలు ఒక్కో మాట కిందా ఆగుతోంది, పెదవులు కదులుతున్నాయి, వాడు సరిగ్గా నవ్వాల్సిన చోట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. పుస్తకమంటే అలాగే చదువుతారని వాళ్లనుకున్నారు.

నేను ఆ పిల్ల పలక తీసుకుని ఎలుగుబంటి నిద్రపోతోందని ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. పిల్ల వేలు పెట్టి చివరిదాకా చూసింది. బొటనవేలు తడి చేసుకుని ఎలుగుబంటి అన్న ఒక్క మాటనే తుడిచి, ఆ ఖాళీలో డాడీ అని రాసి, లోపలి గది వైపు చూపించింది.

ఆ పలకను చెరిగిపోకుండా అరచేతుల మీద పెట్టుకుని పెద్ద మేడమ్ దగ్గరికి నడిచాను. ఆమె పలక చదివి, "సదువంటే ఇనవడాలె గద టీచర్?" అంది. ఇంట్లో వినబడకూడదన్నారు మేడమ్, అన్నాను. పిల్లను పిలిపించి పలక మీద ఆమే అయిదు ప్రశ్నలు రాసింది. అయిదింటికీ సుద్దతోనే జవాబు వచ్చింది. పిల్ల ఒకటో తరగతికి వెళ్లింది, ఊరికి పోలేదు.

బడిలో పైకి చదవడం మెల్లగా అలవాటైంది కాని ఇంట్లో ఆ నియమం అలాగే ఉండిపోయింది. రెండేళ్లకు రాష్ట్రం కోసం సమ్మె వచ్చి బాయిలన్నీ ఆగిపోయాయి. రాత్రి డ్యూటీ లేదు కనుక పగటి నిద్రలూ లేవు, కాలనీలో మగవాళ్లు ఏం చెయ్యాలో తెలియక గుమ్మాల్లో కూర్చునేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఊకెనే కూసున్న టీచరమ్మా ఇంట్ల. మా బిడ్డ పుస్తకం తీసి గట్టిగ సదివింది. నాకేం సమజ్ కాలే. కని దాని సదువు గొంతు గిట్లుంటదని ఇయ్యాల్నే ఎరుకైంది" అన్నాడు. ఏడేళ్ల కూతురు చదువుతుంటే వినడం అతనికి అదే మొదలు.

మా ఆయన అతన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "గీ సమ్మె ఇంకిన్ని దినాలు నడిస్తే మా ఇంట్ల నేను గూడ తిట్లు పడేటట్టున్న తమ్మీ, ఇన్నేండ్లు నిద్రల తప్పించుకున్న. చాయ్ తాగు" అన్నాడు. అతను నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూనే చాయ్ తాగాడు.

ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. మా బడి మూతపడింది. ఆ బాయి కూడా మూతపడ్డాక ఆ వరసలో క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నిద్రపోయేవాళ్ల మీద ప్రేమతో గొంతు దాచుకోవడం ఆ పిల్లలకు మేము నేర్పిన మొదటి పాఠమేమో అనుకుంటాను, అది మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వరస ఖాళీ క్వార్టర్లలో ఇప్పుడు చప్పుడు లేకుండా చదివే పిల్లలెవరూ లేరు.