కంచె అవతలి ఐలెస్సా: రంగూన్‌లో కాలేజీ ఫుట్‌బాల్ చూడబోయేవారికి

ఒక మనిషి పనితనం చూద్దామని సముద్రం దాటి వెళ్లాను. నేను ఓడ దిగేసరికి ఆ మనిషిని పనిలోంచి తీసేశారు. ఈ ముక్క మొదటే చెప్పేస్తే, ఈయనకు ఇంత మంట దేనికని మీరు దారి పొడవునా విస్తుపోనక్కర్లేదు.

నేను భీమునిపట్నంలో ఒక బడికి డ్రిల్లు మాస్టరుని. పిల్లలకు ఫుట్‌బాల్ కూడా నేనే నేర్పాలి, నాకు వచ్చినంతలో. మా మేనమామ కొడుకు సిమ్మన్న రంగూన్ రేవులో బస్తాలు మోసే గేంగుకు మేస్త్రీ. వాళ్లబ్బాయి గురువులు అక్కడే ఒక కాలేజీలో చదువుతూ ఆ కాలేజీ జట్టులో ఆడుతున్నాడు. కిందటేడు ఊరికి వచ్చినప్పుడు సిమ్మన్న నోట ఒకటే పేరు, సయా నర్సయ్య. సయా అంటే బర్మావాళ్ల మాటలో గురువు, ఆ జట్టుకు ఆట నేర్పేది ఆయనే. రేవు కూలీల ఇంట పుట్టి, బర్మా పిల్లను పెళ్లాడి, బూట్లు లేని కుర్రాళ్లతో దొరల జట్లను ముప్పుతిప్పలు పెట్టిన మనిషట. ఆయన దగ్గర నాలుగు రోజులు కూర్చుని ఏదైనా నేర్చుకొని వద్దామని బడికి సెలవు పెట్టాను.

రంగూన్‌లో ఫుట్‌బాల్ వానాకాలంలోనే ఆడతారు కాబట్టి సముద్రం బాగున్నప్పుడు వెళదామనుకుంటే కుదరదు. విశాఖపట్నంలో గది లేని డెక్కు టికెట్టు కొనుక్కున్నాను. పదిహేను రూపాయల లోపే అయింది. అటుకులు, నిమ్మకాయ ఊరగాయ తప్ప కడుపులో ఏదీ నిలవదు, అవే పట్టుకెళ్లండి. నదిలోకి వెళ్లడానికి పోటు కోసం ఓడ చాలాసేపు ఆగుతుంది. తీరా రేవులో దిగాక డెక్కు జనాన్ని వరసలో నిలబెట్టి, నాలుక చాపించి, కనురెప్పలు తిప్పి చూస్తారు. పై గదుల్లో వచ్చినవాళ్లు మా పక్క నుంచే గొడుగులు విప్పుకొని వెళ్లిపోయారు. జబ్బులన్నీ డెక్కు మీదే ఎక్కుతాయని ఏ వైద్యశాస్త్రంలో ఉందో నాకు తెలియదు. అడిగితే వెనక్కి పంపేస్తారని పక్కవాడు చెప్పడంతో నోరు మూసుకున్నాను.

రేవు బయట లాంచాలు దొరుకుతాయి. మనిషి లాగే రెండు చక్రాల బండి అది. లాగేవాళ్లలో చాలామంది మనవాళ్లే. నా లాంచా అతనిది టెక్కలి దగ్గర పల్లె. నాలుగు అడుగులు వేశాడో లేదో వెనక్కి తిరిగి, "బాబూ, తమరు సయా పచ్చమా, దొర పచ్చమా?" అన్నాడు. ఏ సయా అని అడిగాను. అతను బండి రోడ్డు మధ్యలో ఆపేశాడు.

"నర్సయ్య సయాని తీసీసినారు గదా. దొర వొచ్చీసినాడు. జట్టుని మల్లీ పునాదుల కాడ్నించి కడతాడంట. ఉన్న మేడ కూల్సీసి పునాది కట్టడమేటి బాబూ?"

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. వెనకాల గుర్రపుబండివాడు తిడుతున్నా అతను కదల్లేదు, కిందటేటి ఆటలన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. పబేడాన్ పేట చేరేసరికి నేను పూర్తిగా సయా పక్షం. కిరాయి మూడణాలు, ఎవరైనా అంతే ఇవ్వండి.

పబేడాన్‌లో వీధి వీధంతా మనదేశం కొట్లే. అక్కడ మనవాళ్ల పూటకూళ్ల ఇంట్లో సిమ్మన్న నా కోసం కూర్చుని ఉన్నాడు. పక్కన అతని స్నేహితుడు కో బ తిన్. కో అంటే మనం అన్నా అన్నట్టు. తండ్రిది శ్రీకాకుళం, తల్లి బర్మా ఆవిడ, ఉద్యోగం ట్రాము కండక్టరు, ఉండేది తామ్వేలో. నేను చేతులు కడుక్కోకముందే ఇద్దరూ మొదలెట్టారు.

"కిందటి వానల్లో ఆట ఆటకీ మూడేసి గోల్సు తిన్నాం," అన్నాడు కో బ తిన్. "సయాకి వొయసు మల్లిపోనాది. కొత్తోడు రావాల. నాను అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంతాను."

"మూడు తింటే నాలుగు ఎయ్యనేదేటి?" అన్నాడు సిమ్మన్న.

"ఒక్క ఆటలో ఏసినాం. మిగతావన్నీ కాలవ కట్ట మీద నిలబడి నువ్వు ఏసినావు, నోటితోటి."

వడ్డించే అతను పప్పు గరిటె గాల్లో పెట్టుకొని, ముందు గోల్‌కీపరుని మార్చాలి, సయాని కాదు అన్నాడు. వెనక బల్ల మీద ఎవరో, దొర బూట్లు వేయించడం మంచిదే, కుర్రాళ్ల కాలిగోళ్లు ఊడిపోతున్నాయి అన్నారు. ఇంకొకరు, బురదలో బూటు దిగబడితే పీకడానికి మీ గేంగు రావాలి అన్నారు. నా విస్తట్లోకి పప్పు మాత్రం రాలేదు.

బూట్ల దగ్గర నాకూ పెద్ద పట్టింపు లేదు. డ్రిల్లు మాస్టరుని, పరుగులూ ఈలలూ నాకు తెలియనివా. నా ఒళ్లు మండింది కంచె దగ్గర. తామ్వేలో ఆట స్థలానికి ఒక పక్క కాలువ కట్ట ఉంది. రేవు కూలీలంతా పని దిగి ఆ కట్ట మీద నిలబడి ఆట చూసేవారు. ఓడ దగ్గర బరువు లాగేటప్పుడు ఒకడు ‘ఐ’ అని సాగదీస్తాడు, మిగతావాళ్లు ‘లెస్సా’ అని అందుకుంటారు, ‘సా’ దగ్గర అందరి బలమూ ఒక్కసారి పడుతుంది. మైదానం మూల నుంచి గోలు ముందరికి కార్నర్ కొట్టేటప్పుడు కట్ట మీద జనం అదే అందుకునేవారు. బంతి గాల్లోకి లేస్తుంటే ‘ఐ’, అది కిందికి వాలేసరికి ‘సా’. సయా నర్సయ్య కుర్రాళ్లకు ఆ ‘సా’ మీద ఎగరడం నేర్పాడు. ఇప్పుడు దొర కట్టకూ ఆటకూ మధ్య వెదురు కంచె కట్టించాడు. లోపల కుర్చీలు, టికెట్లు. కట్ట మీద నిలబడితే నిలబడండి గాని, కూలీల కేకలు రేవులోనే పెట్టుకోండి అన్నాడట.

"రేపు ఆకరాట," అన్నాడు సిమ్మన్న. "కేకలు ఒద్దన్నాడు గదా, ఎయ్యం. కట్ట మీద నిలబడి ఒక్కడూ నోరిప్పడు. ఇప్పినోడు నా గేంగులో ఉండడు."

అప్పుడు కో బ తిన్ అసలు సంగతి చెప్పాడు. రేపు ఓడితే రేవు కుర్రాళ్లందరినీ తీసేసి కొత్తవాళ్లను పెడతానని దొర కాలేజీకి చెప్పేశాడు. జట్టులో ఉన్నందుకే గురువులికి హాస్టల్లో చోటిచ్చారు. జట్టు పోతే చోటు పోతుంది, చోటు పోతే చదువు పోతుంది. సిమ్మన్న అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద మాత్రం ఎత్తలేదు.

సయా ఇప్పుడు ట్వంటేలో అత్తవారింట ఉన్నాడని తెలిసి మధ్యాహ్నం లాంచీ ఎక్కాం. నది దాటి కాలువలో పడ్డాక రెండు వైపులా వరి పొలాలే. వాన కొడుతున్నా దారి చాలా బాగుంటుంది. లాంచీకి పావలా ఇచ్చినట్టు గుర్తు. సాయంత్రం తిరుగు లాంచీ ఎప్పుడో దిగగానే అడిగి ఉంచుకోండి. కో బ తిన్ కూడా వచ్చాడు. నువ్వెందుకయ్యా అంటే, "మార్సమన్నాను గాని, మెడట్టి గెంటమన్నేదు," అన్నాడు. అక్కడ నుంచి అతని మీద నాకు కోపం పోయింది.

ట్వంటేలో కుండలు చేస్తారు. సయా అత్తవారిదీ అదే పని. ఆయన పాక కింద కుండలు వాన జల్లు తగలకుండా లోపలికి జరుపుతున్నాడు. బక్కపలచటి మనిషి, బర్మావాళ్లలా లుంగీ కట్టుకొని ఉన్నాడు. ఆయన భార్య టీ ఇచ్చింది. దాచడం దేనికి, ఆయన్ను చూస్తే నాకు ఏడుపొచ్చింది. తొలగిస్తున్నట్టు ఆయనతో చెప్పనైనా లేదట. మైదానానికి వెళితే కంచె కడుతున్నవాళ్లు లోపలికి పోనివ్వలేదట.

మీ దగ్గర నేర్చుకుందామని సముద్రం దాటి వచ్చానని చెప్పాను.

"నేర్పడానికేటుంది మాస్టరు గారూ. ఎగిరేవోడికి ఎప్పుడు ఎగరాలో తెలిస్తే సాలు. అది ఈ కట్ట మీదోల్లే సెప్పీవోరు," అని సిమ్మన్నను చూపించాడు.

సిమ్మన్న తన పట్టుదల చెప్పాడు. సయా మెచ్చుకుంటాడనే అనుకున్నాం. ఆయన చేతిలో కుండ కింద పెట్టాడు.

"గోలు పడితే దొరకి పేరొస్తాది. పడకపోతే మన కుర్రగుంటల్ని తీసీస్తాడు. రెండిట్లో నీకేటి కావాల?"

"నీకు సేసిన అన్నేయం ఊరికే ఒగ్గీమంతావా?"

"నా మీద పేనం ఉంటే నా ఇంటికొచ్చి టీ తాగు. గుంటల నెత్తి మీదకి తేకు."

సిమ్మన్న టీ సగంలో వదిలి లాంచీ వైపు నడిచాడు. సయాను కూడా ఆటకు రమ్మని పిలిచాను గాని, టికెట్టు కొనుక్కొని తన మైదానంలోకి తాను వెళ్లలేనన్నాడు.

మర్నాడు ఆట. పబేడాన్ దగ్గర ట్రాము ఎక్కి చివర దిగి, అక్కడ నుంచి గుర్రపుబండి కట్టించుకుంటే తామ్వే వస్తుంది. ట్రాముకి అణా, బండి బేరమాడండి. గేటు దగ్గర కుర్చీకి రూపాయి. జోడు లేనివాళ్లు లోపలికి రాకూడదని ఇంగ్లీషులో రాసిన పలక ఉంది. నా కాళ్లకు జోళ్లున్నాయి కాబట్టి గేటువాడు నాకు సలాం చేశాడు. నా పక్కన సిమ్మన్న ఉత్త కాళ్లతో ఉన్నాడు. లోపల ఆడబోయేది అతని కొడుకు. గేటువాడిని ఏమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. జోళ్లు విప్పి చంకలో పెట్టుకొని కట్ట ఎక్కాను.

కట్ట నిండా జనం, తాటాకు టోపీలు, వాన. ఒక్క గొంతు లేదు. అవతలిది సైనికుల జట్టు. వాళ్లు ముందు ఒక గోలు వేశారు, మనవాళ్లు ఒకటి వేశారు. మన గోలు పడినప్పుడు కూడా కట్ట మీద ఎవరూ నోరు మెదపలేదు. కుర్చీల్లో నలుగురు చప్పట్లు కొట్టారు. గురువులు కట్ట వైపు తిరిగి చూశాడు. బూట్లలో వాడి నడకే మారిపోయింది. మనకు కార్నర్ వస్తే ఒకసారి ముందే ఎగిరాడు, ఇంకోసారి బంతి దాటిపోయాక ఎగిరాడు. పక్కన కుర్రాళ్లదీ అదే వరస. దొర గీత అవతల నుంచి అరుస్తున్నాడు. సిమ్మన్న కంచె వెదుర్లు రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు. పళ్లు నూరుతున్న చప్పుడు నాకు వినబడింది.

ఆట ముగిసిపోతుందనగా మరో కార్నర్ వచ్చింది. కొట్టాల్సిన కుర్రాడు బంతి పెట్టాడు గాని కొట్టలేదు. కట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. రిఫరీ ఈల వేశాడు. కుర్రాడు కదల్లేదు. రిఫరీ మళ్లీ ఈల వేసి అతని దగ్గరికి నడిచాడు. గోలు ముందర గురువులు కూడా మా వైపే చూస్తున్నాడు.

సిమ్మన్న ‘ఐ’ అన్నాడు.

ఆ ‘ఐ’ సాగింది. కుర్రాడు కొట్టేశాడు. కట్ట కట్టంతా అందుకుంది. ‘సా’ దగ్గర కాళ్ల కింద మట్టి కదిలింది, నేనూ అరిచాను. గురువులు అందరికన్నా పైకి లేచాడు. బంతి వాడి నుదుటికి తగిలి లోపలికి పోయింది.

జనం సిమ్మన్న మీద పడ్డారు. అతను బురదలో చతికిలబడి, "ఆగలేకపోనాను బావా," అని నా కాళ్లు పట్టుకొని ఏడ్చాడు. కో బ తిన్ వంగి, "రేపట్నించి నీ గేంగుకి మేస్త్రీ ఎవుడు? నోరిప్పినావు గదా, నువ్వైతే నేవు," అన్నాడు. ఏడుస్తున్న మనిషి నవ్వేశాడు. గురువులు కంచె దగ్గరికి వచ్చి వెదుర్ల సందులోంచి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఈవతలికి రావాలంటే గేటు చుట్టూ తిరిగి రావాలి మరి.

మర్నాడు పొద్దున్న పూటకూళ్ల ఇంట్లో ఇంగ్లీషు పత్రిక నా చేతికిచ్చి, ఏం రాశారో తెలుగులో చెప్పమన్నారు. అందరూ చుట్టూ చేరారు. కొత్త శిక్షకుడు జట్టును పునాదుల నుంచి కట్టిన ఫలితం అప్పుడే కనబడుతోందని, బూట్లూ క్రమశిక్షణా గెలిపించాయని రాశారు. ఆఖరి గోలుకు ముందు కంచె అవతలి నుంచి వచ్చిన అల్లరి ఆటగాళ్లకు కొంత అంతరాయం కలిగించిందని కూడా రాశారు. అంతరాయం అన్న మాట దగ్గర పత్రిక మడిచేయబోయాను. చెప్పు బావా అన్నాడు సిమ్మన్న. చెప్పాను. కో బ తిన్ ఆ పత్రిక నా చేతిలోంచి లాక్కొని, దొరని మార్చాల్సిందే అన్నాడు.

తిరుగు ప్రయాణంలో డెక్కు మీద పడుకొని ఇదే తలపోశాను. సయాకు అన్యాయం జరిగింది, దిద్దినవాడు లేడు. పేరు దొరకు పోయింది. గురువులు జట్టులో ఉన్నాడు, హాస్టల్లో ఉన్నాడు, సయా అడిగిందీ అంతే. అయినా నాకు మంట తగ్గలేదు, తగ్గకూడదనే ఇది రాస్తున్నాను.

మీరు వెళితే కుర్చీ టికెట్టు కొనకండి. పబేడాన్‌లో ఒక తాటాకు టోపీ కొనుక్కొని, జోళ్లు విప్పి, కట్ట ఎక్కండి. ‘ఐ’ అన్నప్పుడు తొందరపడి ఊపిరంతా ఖర్చు పెట్టేయకండి. ‘సా’ దగ్గర మాత్రం ఆలస్యం చేయకండి, అప్పటికి గురువులు గాల్లో ఉంటాడు.