రుమాలు కింద చెయ్యి

పసుల అంగడిలో ఎద్దు ధరను నోటితో చెప్పరు. అమ్మేవాడి చేతినీ, కొనేవాడి తరఫున బేరం చేసే దలాలు చేతినీ కలిపి పైన ఒక రుమాలు కప్పుతారు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ వేలు మడిస్తే ఎంత తగ్గినట్టు అన్నది ఆ ఇద్దరికే తెలుస్తుంది. చుట్టూ మూగిన జనం వాళ్ల ముఖాలు చూసి ఊహించుకోవలసిందే.

నాందేడ్ మారోతి ఈ విద్యలో ఆరితేరిన దలాలు. మనిషి బక్కపలచన, మీసం మాత్రం ఘనం. ముఖం చూడనక్కర్లేదు, చెయ్యి పట్టుకుంటే చాలు, ఎదుటివాడి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగిందో లేదో చెప్పేస్తానని కోతలు కోసేవాడు. పాపం, అవి ఉత్త కోతలు కూడా కావు. బిగుసుకున్న చెయ్యి మొండివాడిది, వదులుగా ఉన్నది తొందర లేనివాడిది, వణికేది గతిలేనివాడిది. వణుకు తగిలిందంటే దలాలు ధరలో ఒక వేలు దించుతాడు. ఆ వృత్తిలో దాన్ని ఎవరూ తప్పనుకోరు.

అలాంటి మారోతి చెయ్యే ఒకనాడు వణికింది.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో, తొలకరికి ముందు, దెగ్లూర్ అంగడిలో ఒక కోడెల జతకు బేరం నడుస్తోంది. రుమాలు కప్పగానే మారోతి గుండె దడదడ కొట్టుకుంది. నోరు ఎండిపోయింది. అరచెయ్యి తడిసి ముద్దయింది. వేళ్లు అతని మాట వినడం మానేశాయి. ఎదురుగా ఉన్న రైతు ముందు తెల్లబోయి, తర్వాత గట్టిగానే అడిగాడు.

"ఏంది మారోతీ, జరమొచ్చిందా? చెయ్యి గిట్ల వణుకుతుందేంది?"

సాటి దలాలు కాశీరాం పక్కనే ఉన్నాడు. ఊరుకుంటాడా? "ఎవలన్న చద్దరు దెచ్చి కప్పుండ్రి! రుమాలు సాలుత లేదు మా మారోతికి!" అని అరిచాడు. అంగడంతా గొల్లుమంది. మారోతి కూడా నవ్వాడు గానీ, లోపల సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ తర్వాత ప్రతి అంగడికీ అదే వరస. ముందు రోజు నుంచే రొట్టె గొంతు దిగేది కాదు. అరచేతికి గుడ్డ కట్టుకుని కురుపు లేచిందన్నాడు. భుజం పట్టేసిందన్నాడు. దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకున్నాడు. పక్షవాతమేమోనని ఆకుమందు మింగాడు. బేరాలు ఒక్కొక్కటే కాశీరాం వైపు జారిపోయాయి. వణికే చేతి దలాలుకు బేరం ఎవరు అప్పగిస్తారు? అయినా గిరాకీ పోయిందన్నది కాదు అతని ఏడుపు. గతిలేనివాడి చెయ్యి తనకు వచ్చిందే అన్నదే ఏడుపు.

చివరికి సర్కారు దవాఖానలో పెద్ద డాక్టరు గుండె, నరాలు అన్నీ చూసి, శరీరంలో ఏ రోగమూ లేదని, ఆ చివరి గదిలో మనసు బాధలు వినే ఆవిడ ఉంటుంది, అందరూ బాయి అంటారు, వెళ్లి మాట్లాడమని పంపాడు. ఆ తలుపు దగ్గర కూర్చున్నవాళ్లను చూడగానే మారోతి వెనక్కి తిరగబోయాడు. అది పిచ్చివాళ్ల గది అని ఊరంతా అనుకునే గది. రుమాలును తలకూ ముఖానికీ చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. భార్య ముత్తెమ్మకు పసుల దవాఖానకు పోయొస్తానని చెప్పి వచ్చాడు. పసుల దలాలుకు అంతకంటే నమ్మదగ్గ అబద్ధం ఏముంటుంది!

గదిలో ఉన్నది దమయంతి. నిజామాబాద్ నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డ రైల్వే గార్డు కూతురు. మనసులో బాధ ఉన్నవాళ్లతో మాట్లాడి, ఆ బాధ ఎక్కడ మొదలైందో వాళ్లచేతే వెతికించే చదువు హైదరాబాదులో చదివి వచ్చింది. కూతురి వయసున్న పిల్ల ముందు ఏం చెప్పుకోవాలో తెలియక మారోతి మరాఠీలో నసిగాడు. ఆమె తెలుగులో అందుకుంది.

"చెయ్యి ఎప్పుడు వణుకుతది కాకా? తినేటప్పుడా?"

"లేదు బాయీ."

"ఎడ్లకు గడ్డేసేటప్పుడు?"

"లేదు. తలకు రుమాలు సుట్టుకునేటప్పుడు గూడ లేదు. ఉత్త అంగట్ల, బేరం కాడనే."

"అయితే గిది చేతి రోగం గాదు."

మారోతికి కోపం వచ్చింది. "అంటే నాకు పిచ్చి లేసిందంటవా?"

"పిచ్చి గాదు కాకా, భయం. కుక్క మీదికి ఉరికొస్తే గుండె కొట్టుకోదా? చెమట పట్టదా? నీ పానం రుమాలును సూసి కుక్క అనుకుంటుంది. ఎందుకు అనుకుంటుందో ఇద్దరం కలిసి దేవులాడుదాం."

పుస్తకాల్లో దానికి ఆందోళన అని పేరు. దమయంతి ఆ మాట అనలేదు. అంటే మారోతి ఇంకో తాయెత్తు కట్టించుకునేవాడు.

ఆమె చెప్పినట్టు మారోతి చేతిని బల్లమీద పెట్టి, తన రుమాలే దానిపైన కప్పాడు. పట్టుకోవడానికి ఎదుట ఎవరి చెయ్యీ లేదు. ఎద్దూ లేదు, బేరమూ లేదు. అయినా రుమాలు కింద ఆ చెయ్యి ఒంటరిగా వణకసాగింది. మారోతి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంత మీసం పెట్టుకుని ఒక ఆడపిల్ల ముందు కళ్లు ఎలా తుడుచుకోవాలో అతనికి తెలియలేదు.

వారం వారం వెళ్లాడు. చేతిమీద రుమాలు కప్పుకుని, గుండె నెమ్మదించేదాకా నిదానంగా ఊపిరి తీయడం నేర్చుకున్నాడు. "ఏం రోగమొచ్చిందయ్యా ఆ ఎడ్లకు, తగ్గనే తగ్గదా?" అని ముత్తెమ్మ అడిగితే గడ్డి వేసే నెపంతో కొట్టంలోకి జారుకున్నాడు. మొదటిసారి వణికిన రోజు అంగట్లో ఇంకేం జరిగిందని దమయంతి ఎప్పుడు అడిగినా, ఏమీ జరగలేదనే చెప్పేవాడు. ఒకరోజు లేచి పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"బాలన్న కనవడ్డడు బాయీ. దూరంల నిలవడి చా తాగుతుండె. గంతే."

"బాలన్న ఎవలు కాకా?"

మారోతి తిరిగొచ్చి కూర్చున్నాడు.

బాలన్నది ధర్మాబాద్ దగ్గరి పల్లె. డెబ్బై రెండు కరువులో, ఊళ్లకు ఊళ్లు రాళ్లు కొట్టే పనికి పోతున్నప్పుడు, మిగిలిన ఒక్క ఎద్దునూ తోలుకుని అంగడికి వచ్చాడు. కొనేవాడు హైదరాబాదు వ్యాపారి. నాలుగు వేళ్ల ధర దాకా పొమ్మని మారోతికి ముందే చెప్పాడు. రుమాలు కింద చెయ్యి పట్టుకోగానే మారోతికి వణుకు తగిలింది. వెంటనే ఒక వేలు దించాడు. బాలన్న ఒప్పుకున్నాడు. వ్యాపారి మారోతి వీపు తట్టాడు. బాలన్న ఎద్దు నుదుటిమీద కాసేపు చెయ్యి ఉంచి, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ పూట మారోతి ఇంట్లో రొట్టెలు కాలాయి. పిల్లలు తిన్నారు, తనూ తిన్నాడు. అప్పటినుంచి ఆ పల్లె దారి తొక్కలేదు.

"ఆని వణుకే నాకు తగిలింది బాయీ. శాపం."

దమయంతి శాపం కాదంది. తప్పు చేయలేదని మాత్రం అనలేదు. "నువ్వు దాన్ని ఎవలకు చెప్పకుంట దాసినవ్. ఆయనను సూడంగనే అది లేసి కూసుంది. ముందు ఆ ఊరి తోవ ఇడిసినవ్. ఇప్పుడు అంగడి ఇడుస్తున్నవ్. తప్పించుకున్నకొద్ది భయం పెద్దగైతది కాకా." తర్వాత అడిగింది. "ఆ కరువుల మీ ఇంట్ల ఎట్లుండె?"

"మా ముచ్చట ఎందుకు బాయీ," అని మారోతి లేచిపోయాడు.

పోవాలా వద్దా అని చలికాలం దాకా గుంజాటన పడ్డాడు. ఆఖరికి ఒక ఉదయం ధర్మాబాద్ రైలెక్కాడు. బాలన్న ఇంటి ముందు కూర్చుని పగ్గం పేనుతున్నాడు. "అరె, మారోతి! రా, కూసో. ఎన్నొద్దులకు!" అని చెంబుతో నీళ్లిచ్చాడు. ఆ ఆదరణకే మారోతి సగం చచ్చాడు. తల వంచుకునే చెప్పాడు.

"కరువుల నీ చెయ్యి వణికింది బాలన్నా. నాకు తెలిసింది. తెలిసే వేలు దించిన. వ్యాపారి నాలుగు దాక పొమ్మన్నడు."

బాలన్న పగ్గం పక్కన పెట్టాడు. "నాలుగు దాక పొమ్మన్నడా," అన్నాడు. ముఖం నల్లబడింది. తర్వాత, "చెయ్యి ఇటియ్యి," అన్నాడు.

భుజం మీది రుమాలు తీసి ఇద్దరి చేతులమీదా కప్పాడు. మారోతి చెయ్యి గజగజా వణికింది.

"గీ వణుకేనా?"

"గిదే."

"గిది నేనెరుగుదు. ఆనాడు గూడ గిదే. గని అది నాది గాదు మారోతీ, నీది." బాలన్న గొంతులో కోపం లేదు. "నేను రాళ్ల పనికి పోతుంటి, అంతో ఇంతో అంబలి దొరుకుతుండె. నీ చెయ్యి సల్లగుండె. ఈని ఇంట్ల పొయ్యి ఎలిగి ఎన్నొద్దులైందో అనుకున్న. బేరం కుదరకుంటే నీకు దలాలీ రాదాయె. నువ్వు వేలు దించినవ్. నేను సరే అన్న."

అందరి చేతులూ చదివానని మీసం తిప్పినవాడు, ఆకలితో వణికిన తన చేతినే పోల్చుకోలేకపోయాడు. రాళ్లు కొట్టుకునే మనిషి దాన్ని పోల్చుకుని, జాలిపడి, ఒక్కగానొక్క ఎద్దు ధరలోంచి తనకు ఒక ముద్ద పెట్టాడు. తాను ఆ పెట్టిన చేతినే మోసం చేశాడు. ఇన్నాళ్లూ మోసిన సిగ్గు దీని ముందు ఏపాటిది! చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. బాలన్న వదల్లేదు.

"వణకనీ. గుంజుకోకు."

లోపలినుంచి బాలన్న భార్య వెంకవ్వ వచ్చి, రుమాలు కింద కలిసి ఉన్న చేతులు చూసి గాబరాపడింది. "మల్ల ఏం అమ్ముతున్నవయ్యా?"

"ఏం అమ్ముత లేనే," అన్నాడు బాలన్న.

మారోతి తలెత్తలేదు. చెయ్యి మాత్రం అక్కడే ఉంచాడు.