జోకర్ లేని ఆవర్తన పట్టిక

ఆవర్తన పట్టిక వల్ల పోలీసులకు దొరికినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, సంఘం పెట్టుకుందాం.

అప్పుడే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తయింది. మర్నాడు ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో డెమో క్లాసు. బాగా చెబితే ఉద్యోగం, లేకపోతే నాన్నతో పాటు మిర్చి తోట. రష్యా గడ్డాయన కథతో మొదలుపెడదామనుకున్నాను. మూలకాల పేర్లు, బరువులు ముక్కల మీద రాసుకుని, పేకాటలా పరిచి, ఇంకా దొరకనివాటికి ఖాళీలు వదిలి పట్టిక తయారుచేశాడని చెబుతారు. ఇక్కడిదాకా బాగానే ఉంది. అట్టలు కత్తిరించే ఓపిక లేక నేను పాత పేకముక్కల మీదే తెల్లకాగితం అంటించాను. నా చదువంతా ఆ ఒక్క పనిలో బయటపడింది.

రిహార్సల్ కోసం తల్లాడ శివారు మామిడితోటలో దుప్పటి పరిచి, ముగ్గురు స్నేహితులను గుండ్రంగా కూర్చోబెట్టాను. గాజుల దుకాణం ఖాజా అయితే పూర్తిగా లీనమైపోయాడు.

"అరే, సోడియం కింద పొటాషియం వెయ్. జల్దీ," అన్నాడు.

"అవ్, వెయ్ వెయ్," అంది వెనకనుంచి ఓ గొంతు. హెడ్ కానిస్టేబుల్ గారిది.

మిగతా ఇద్దరూ వాయువుల్లా నలుదిక్కులా వ్యాపించారు. ఘనపదార్థాల్లా నేనూ ఖాజా మిగిలాం.

"పైసలేవి?"

"లేవు సార్, ఉత్తగనే ఆడుతున్నం," అన్నాడు ఖాజా. ఆ చివరి మాట లేకపోతే బాగుండేది.

ఆయన ఒక ముక్క తీశారు. "బంగారం, నూట తొంభై ఏడు. తులాలా, గ్రాములా?"

"పరమాణు భారం సార్," అన్నాను.

"భారమే మరి. బంగారం పెట్టి ఆడుతున్నరని ఇంట్ల ఎరుకేనా? ఎవరు నేర్పిండ్రు మీకు?"

"రష్యా ఆయన సార్. పెద్ద గడ్డం."

"ఓహో, గంత దూరం ఉందా యవ్వారం. ఇప్పుడేడున్నడు?"

"పోయి వందేళ్లు దాటింది సార్."

ఆయన ఖాళీ ముక్క ఎత్తి చూపారు. "దీని మీద పేరు లేదేంది?"

"అది అప్పటికి దొరకలేదు సార్."

"ఎటు ఉరికిండు?"

"ఎక్కడుంటుందో ముందే చెప్పొచ్చు సార్. సిలికాన్ కింద."

"అదేడుంది?"

"బొగ్గు కింద సార్," అని ఖాజా సాయపడ్డాడు.

"అంటే ఇల్లందు బొగ్గు గనుల్ల," అని ఆయన తేల్చుకున్నారు.

మా ముందు ముక్కలు వరుసగా పరిచి, చేతికో ముక్క ఇచ్చి, ఫొటో తీసి ఎస్సైకి పంపారు. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "అది కెమిస్ట్రీ అయ్యా, వదిలెయ్." మమ్మల్ని వదిలేశారు. ఫొటోను మాత్రం ఎవరూ వదల్లేదు. పొద్దు గూకేలోపు అది తల్లాడ గ్రూపులన్నీ తిరిగి ఖమ్మం చేరింది.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడం తన ఫోన్ చూపించారు. "ఇది మీరేనా?"

కళ్లముందు మిర్చి తోట ఎర్రగా కనిపించింది. "నేనే మేడం. కానీ చేతిలో ఉన్నది పొటాషియం."

ఆమె ఫొటో పెద్దది చేసి చూశారు. "ముక్కలు తప్పు పరిచారు కదా."

"పరిచింది కానిస్టేబుల్ గారు మేడం."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కాసేపు కిటికీలోంచి చూశారు. "సరే, క్లాసులో మీరు పరవండి."

పిల్లలంతా ఫొటో చూసే వచ్చారు. అంత శ్రద్ధగా వినే క్లాసు నాకు మళ్లీ దొరకలేదు. చివర్లో ఓ అమ్మాయి లేచింది. "సార్, ఇందుల జోకర్ ఏది?"

ఒక ముక్క ఎత్తి చూపించాను. "హైడ్రోజన్. సోడియం ఉన్న నిలువు వరసలో పెట్టినా ఇముడుతుంది, క్లోరిన్ ఉన్న నిలువు వరసలో పెట్టినా ఇముడుతుంది."

వెనక కూర్చున్న మేడం తల ఊపారు. ఉద్యోగం వచ్చింది. దాంతోపాటు పేరూ వచ్చింది. నేటికీ ఆ కాలేజీలో నన్ను హైడ్రోజన్ సార్ అనే పిలుస్తారు. దాని అర్థం ఇప్పుడు మీకూ తెలుసు.

నూట పద్దెనిమిది మూలకాల సాక్షిగా చెబుతున్నాను: ఇకపై చెట్టు నీడన నలుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి రసాయన శాస్త్రం చెప్పను. తప్పనిసరైతే అందరం నిలబడే మాట్లాడుకుంటాం.