బట్టలుతికే రాయి మీద నలభై ఒకటి

రైల్వే హద్దురాళ్ళకు ముప్పై ఏళ్ళు సున్నం కొట్టించిన, పట్టాల కూలీలకు మేస్త్రీ అయిన గ్యాంగ్ మేట్‌కి ఒక్కో రాయీ ఒక్కో మనిషి. పదిహేడో నంబరుకి ముక్కు విరిగింది. ముప్పై మూడు పట్టాల వైపు వాలి, దూరంగా వచ్చే బండి మాటలు వింటున్నట్టుంటుంది. నలభై తర్వాత నలభై రెండు. మధ్యది ఏమైందని ఉద్యోగంలో ఉండగా ఎవరూ అడగలేదు.

రిటైరయ్యాక అడిగారు. నూరేళ్ళు దాటిన రాళ్ళను జాబితాకెక్కించి కాపాడాలని ఒక సర్వే అమ్మాయి వచ్చింది. రోజంతా దారి చూపించి, మంచినీళ్ళకని ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. పెరట్లో భార్య దుప్పటి ఉతుకుతోంది. సబ్బు నురగ జారి, రాతి మీద అంకె తేలింది.

"మేట్ గారూ, నలభై ఒకటి మీ పెరట్లో ఉందేంటి?"

ఆయనకు తెలిసింది ఒక్కటే. అదే ఉద్యోగం చేసిన తండ్రి ఒకప్పుడు అన్న మాట: "రాయి మనింటికొచ్చిందిరా." మోసుకొస్తే వచ్చిందా? హద్దే ఇంటిదాకా వచ్చిందా? అడగాలని తోచేసరికి చెప్పే మనిషి లేడు.

"మొదట్నుంచీ ఇక్కడే ఉంటే రాయికి అటువైపున్న మీ వంటిల్లు రైల్వే స్థలంలో ఉన్నట్టు. పడగొట్టమంటారు. ఎవరైనా తెచ్చి పాతిందైతే మ్యూజియంకి పట్టుకెళ్తాం. ఏమని రాయను?"

"మ్యూజియమా? అయితే ఈ దుప్పట్లు కూడా వాళ్ళనే ఉతికిపెట్టమను!" అంది భార్య.

వంటిల్లు పోవాలి, లేదా తండ్రి దొంగ కావాలి.

"మా నాన్నే తెచ్చాడమ్మా. రాసుకో." తన గొంతు తనకే పరాయిగా వినపడింది.

మర్నాడు ఇద్దరు కూలీలు గడ్డపలుగులతో తవ్వారు. రాయి వస్తూనే ఉంది, మూరెడు, రెండు మూరలు, పాత జ్ఞాపకంలా.

"అడుగున బొగ్గులున్నాయేమో చూడండి మేట్ గారూ. మొదట పాతినవాళ్ళు గుర్తుకి పోసేవాళ్ళట," అంది సర్వే అమ్మాయి.

గొయ్యిలోకి దిగాడు. ఉన్నాయి, గుప్పెడు. కానీ తండ్రి కూడా పని పైపైన చేస్తే అన్నం సహించని మనిషి. దొంగిలించిన రాయికైనా పద్ధతి ప్రకారం బొగ్గులు పోసి ఉంటాడు. పోసి ఉంటాడా? ఆయన మెల్లగా వాటి మీద పాదం ఆనించాడు.

"నల్లమట్టేనమ్మా."

రాయి బండెక్కి వెళ్ళిపోయింది. వంటింటి గుమ్మంలోంచి భార్య బొగ్గంటిన ఆయన పాదం వంక చూసింది.

"కాళ్ళు కడుక్కుని లోపలికి రండి."

చెంబు పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయాడు. లోపలంటే ఏ వైపో ఆయనకు తెలియలేదు.