వందన సమర్పణలో సల్మానానీ

డబ్లిన్‌లో ఒక ప్రదర్శన. అందులో ఒక ముసలమ్మ ఫొటో కింద అట్టముక్క మీద "అజ్ఞాత గిరిజన స్త్రీ" అని రాసి ఉంది. ఆ స్త్రీకి పేరుంది. సల్మా. హైదరాబాదులో అరబ్బు సిపాయిల వారసులుండే బార్కస్‌లో నిఖిల వాళ్ల ఇంటి గోడకు అవతలి ఇల్లు ఆమెది. నిఖిలకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి దువా చదివిన నానీ, జామకాయలు దొంగిలిస్తే అదే చేత్తో చెవి మెలిపెట్టిన నానీ. ఆ ఫొటో తీసింది నిఖిల. ఆమె మాటలు రికార్డు చేసి ఇంగ్లీషులోకి తెచ్చిందీ నిఖిలే. ఆ అట్ట మీద నిఖిల పేరూ లేదు. ప్రదర్శన మొదటి రోజు అట్ట కాస్త వంకరగా ఉందని సరిచేసి, ఊరుకుంది.

ఊరుకోక ఏం చేస్తుంది? డబ్లిన్‌లో ఎమ్మే చదువు, క్లాండాల్కిన్‌లో ముగ్గురితో కలిసి ఒక గది, శని ఆదివారాలు ఈ ప్రదర్శనకు వచ్చినవాళ్లకు అన్నీ చూపించే పని. పరిశోధనకు సీటు రావాలంటే ప్రొఫెసర్ సిఫారసు కావాలి. ప్రదర్శన ప్రొఫెసర్‌ది. నోరు ఎవరి చేతిలో ఉందో చెప్పక్కర్లేదు.

ప్రదర్శన రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అరేబియా గురించి. గది నడుమ పెద్ద చదరంగం బల్ల. గళ్ల మీద ఇసుక రంగు, పావుల నెత్తిన బ్రిటన్, ఇటలీ, రష్యా జెండాలు. సనాలో కూర్చుని యెమెన్‌ను ఏలే ఇమాముతో ఇటలీ ఒప్పందం చేసుకుందని లండన్‌కు నిద్ర పట్టలేదట. ఇటలీ రేడియో అరబ్బీలో పాటలు వేస్తే లండన్ కూడా అరబ్బీ రేడియో పెట్టిందట. చివరికి 1938లో ఇద్దరూ కూర్చుని, సౌదీలో గానీ యెమెన్‌లో గానీ నువ్వు కాలు పెట్టకు, నేనూ పెట్టను అని సంతకాలు చేసుకున్నారు. పక్కింటి గోడ దూకబోమని ఇద్దరు దొంగలు ఒకరికొకరు మాటిచ్చుకున్నారన్నమాట. ఇంటివాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. దీనికి ప్రొఫెసర్ పెట్టిన పేరు "పెద్దమనుషుల ఆట". నిఖిల వారం వారం ఆ మాటను చిరునవ్వుతో చెప్పాలి. చెప్పేది.

ఆబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయి. తన చేతిలో ఉన్న ఏడెన్ రేవు వెనకాల హద్రమౌత్ కొండల్లోకి ఇటలీ ఎక్కడ చొరబడుతుందోనని, అక్కడి తెగల కొట్లాటలు ఆపే మిషతో బ్రిటన్ బాంబుల విమానాలు పంపింది. నిజాం కొలువులో సిపాయిగా ఉన్న సాలెం కూతురు సల్మా, చిన్నపిల్ల, అప్పుడు ఆ కొండల్లోనే ఉంది. రికార్డులో నానీ ఉర్దూ కలిసిన తెలుగులో చెప్పిన మాట ఇది:

"ముందుగాల కాయితాలు పడ్డయ్ బిడ్డా. పిల్లలమంతా ఏరుకున్నం, పండగ లెక్క. చదివెటోళ్లు ఊర్ల లేరు, అందరూ హైదరాబాదులనే కొలువుల ఉన్నరు. ఇల్లు ఖాళీ చెయ్యమని రాసిండ్రంట. మాకేం ఎర్క? మా అమ్మమ్మ లోపటనే ఉండె."

ఈ మాట ప్రదర్శనలో వినిపించదు. పైన ఊద్ అనే అరబ్బీ తీగల వాయిద్యం మోగుతూ ఉంటుంది, కింద నానీ గొంతు గొణుగుడులా పారుతుంది. వాతావరణం కోసమట. ఒకసారి నిఖిల మెల్లగా, పేరు పెడదామా సార్ అని అడిగింది. అట్ట మీద స్థలం లేదన్నాడు. చదరంగం బల్లకు సగం గది ఇచ్చినాయనకు ఒక ముసలమ్మ పేరుకు రెండు వేళ్ల జాగా దొరకలేదు.

అదే పెద్దమనిషి ఐర్లండ్‌లో తన సొంతూరు బాల్‌బ్రిగన్ మాటెత్తితే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. 1920లో బ్రిటిష్ బలగాలు ఆ ఊరిని తగలబెట్టినప్పుడు వాళ్ల ముత్తాత దుకాణం బూడిదైంది. ఆ ముత్తాత పేరు, దుకాణం పేరు, కిటికీల రంగు కూడా చెబుతాడు. తన ఊరికి మంట పెడితే దౌర్జన్యం, ఇంకొకరి ఊరి మీద బాంబులేస్తే చదరంగం. ఎద్దు పుండు కాకికి ముద్దు.

ఇంతలో డబ్లిన్ దగ్గరి నేవన్ ఊరి తెలుగు సంఘం వాళ్లు పిల్లలకు చరిత్ర చూపిద్దామని బస్సు కట్టించుకుని వచ్చారు. అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్‌గారు సాఫ్ట్‌వేర్ మేనేజరు. ప్రొఫెసర్ భుజాన శాలువా కప్పాలి, ఫొటో దిగాలి, వెళ్లాలి. వాళ్ల సభలన్నిటికీ ఒకటే శాస్త్రం: చివర వందన సమర్పణ, అందులో సాయం చేసిన ప్రతి మనిషి పేరూ రావాలి. పోయిన ఉగాదికి కుర్చీలు తెచ్చిన శ్రీధర్ పేరు మరిచిపోయారు. శ్రీధర్ అలిగి వేరే సంఘం పెట్టాడు. ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు ఎంతమందని, వాళ్లకు రెండు సంఘాలు! ఎవరి పులిహోరకు ఎవరు వెళ్లారని ఒకరి మీద ఒకరు నిఘా. లండన్, రోమ్ నయం, వాళ్లకు చమురన్నా కనబడింది. ఈమధ్యే రాజీ కుదిరి శ్రీధర్ ఆ బస్సులో వచ్చాడు.

వందన సమర్పణ నువ్వే చెయ్యమ్మా అని ఆంజనేయప్రసాద్ నిఖిలకు పేర్ల చీటీ ఇచ్చారు. "ఒక్కటి కూడా వదలమాకమ్మా. మళ్లీ గొడవ నా వల్ల కాదు" అన్నారు.

ఆ చీటీ చేతిలో పట్టుకున్నప్పుడే నిఖిలకు లోపల ఏదో తెగింది. కుర్చీలు మోసిన మనిషి పేరు పోతే ఊరు రెండుగా చీలింది. ఇల్లు కూలిన మనిషి పేరు పోతే తను అట్టను సరిచేసి ఊరుకుంది.

చీటీలో పేర్లన్నీ చదివింది. బస్సు డ్రైవరుకు, పులిహోర కలిపిన మంగాదేవి ఆంటీకి, శ్రీధర్ అంకుల్‌కు రెండుసార్లు. జనం లేచి పులిహోర డబ్బాల వైపు కదులుతున్నారు. నిఖిల ఆగలేదు.

"లండన్ దొరలకు వందనాలు, ఇల్లు కూలగొట్టి దానికి శాంతి అని పేరు పెట్టినందుకు. రోమ్ దొరలకు వందనాలు, రేడియోల అరబ్బులను తమ్ముడా అని పిలిచి, లిబియాల అదే అరబ్బులను ముళ్లకంచెల్ల పెట్టినందుకు. మాస్కో దొరలకు వందనాలు, అందరికన్నా ముందు సౌదీతోని దోస్తీ చేసి, గిట్టుబాటు కాలేదని దుకాణం ఎత్తేసినందుకు."

డబ్బాల మూతలు ఆగాయి. ఆంజనేయప్రసాద్ పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "అమ్మాయ్, లిస్టులో ఉన్నయ్యి చాలు."

"ఒక్క పేరు మిగిలింది అంకుల్. ఇడిసిపెడితే శ్రీధర్ అంకుల్‌కు అయినట్టే అయితది."

నిఖిల ఫొటో వైపు చెయ్యి చూపించింది. "సల్మా బింత్ సాలెం. ఊరు హద్రమౌత్, బార్కస్. ఈ గదికి తన గొంతు ఇచ్చింది. ఆమెకు వందనాలు." తర్వాత ప్రొఫెసర్ వైపు తిరిగి అదే ముక్క ఇంగ్లీషులో చెప్పింది. మీ ముత్తాత దుకాణం కిటికీల రంగు కూడా మాకు తెలుసు సార్, మా నానీ పేరు ఎవరికీ తెలియదు అంది.

చప్పట్లు రాలేదు. శ్రీధర్ ఒక్కడే ముందుకొచ్చాడు. ఆ అట్ట మీద ఆవిడ పేరెందుకు లేదని ప్రొఫెసర్‌ను ఇంగ్లీషులో నేరుగా అడిగాడు. తన పేరు కోసం ఊరిని చీల్చిన మనిషికి ఆ నొప్పి తెలుసు మరి. శాలువా కప్పుకున్న ప్రొఫెసర్ మళ్లీ స్థలం చాలలేదనే అన్నాడు. ఈసారి ఆ మాట గదినిండా జనం విన్నారు. ఆంజనేయప్రసాద్‌గారి కూతురు ఆశ్రిత చదరంగం బల్ల చూసి, "దట్స్ నాట్ గ్రాండ్ అట్ ఆల్" అంది తండ్రితో, ఇది అస్సలు బాగాలేదని.

తర్వాతి వారం నుంచి నిఖిలకు ఆ పని లేదు. సిఫారసు ఉత్తరం గురించి అడిగితే, తీరిక లేదని జవాబు. ఆ ఉత్తరం కోసం నిఖిల వేరే చోట వెతుక్కుంటోంది, దొరుకుతుందో లేదో తెలియదు. దానికి ఏడవడం లేదు. అట్ట మాత్రం ఇంకా అలాగే ఉంది, అజ్ఞాత గిరిజన స్త్రీ అనే.

ఆ ప్రదర్శన ఇప్పుడు ట్రాలీ అనే ఊరికి వెళ్తోంది. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు వెళ్లండి. చదరంగం బల్ల దగ్గర ఫొటోలు దిగకండి. ఆ ఫొటో ముందు నిలబడి, అక్కడ పనిచేసేవాళ్లను పిలిచి, ఈవిడ పేరేమిటని అడగండి. తెలియదంటే, సల్మా బింత్ సాలెం అని చెప్పండి. ఆ వాయిద్యం ఆపి ఆమె మాట వినిపించమనండి. స్థలం లేదంటే ఆ బల్ల చూపించి, ఒక గడి తీసెయ్యమనండి. ఒక్కరు అడిగితే ఉద్యోగం పోయింది. అందరం అడిగితే అట్ట మారుతుంది.